అనుమానపు గీత

ఉదయం ఏడు గంటలకే ఎండ చురుక్కుమంటోంది. ఎండిపోయిన జలాశయం అడుగున, పగుళ్ళిచ్చిన ఒండ్రుమట్టి మీద నడిచి వస్తున్న ఒక నడివయసు మనిషి ఒకచోట ఆగాడు. చెప్పులు విడిచాడు. తల వంచి, లేని గుమ్మం కింద నుంచి, లేని గడప దాటి లోపలికి వెళ్ళాడు. అరుగు మీద కూర్చోబోయినట్టు వంగి, అలవాటు కొద్దీ ముందు చేత్తో తడిమి, చేతికి ఏమీ తగలక మళ్ళీ నిటారుగా నిలబడ్డాడు. అయినా అతని ముఖంలో సొంతింట్లో అడుగుపెట్టిన వాడి నెమ్మది ఉంది.

సుంకమ్మ అతన్ని చూసి మళ్ళీ కాగితం మీదికి తల దించింది. ఈ మూడు వారాల్లో ఇలాంటి వాళ్ళను నూరుమందినైనా చూసి ఉంటుంది. మొదట్లో నవ్వొచ్చేది. తర్వాత ఒళ్ళు జలదరించేది. ఇప్పుడు రెండూ లేవు. కళ్ళు మండుతున్నాయి, నడుము లాగుతోంది, ఇంకా పదకొండు గళ్ళు గీయాలి.

ఆమె ముందు నేల మీద ఒక చెక్క చట్రం ఉంది. నిలువూ అడ్డం మీటరు కొలత. లోపల దారాలు కట్టి గళ్ళు చేసి ఉన్నాయి. ఒక్కో గడిలో ఏ రాయి ఎక్కడుందో పైనుంచి తిన్నగా చూసి, చదరాల కాగితం మీద అంతే చోట అంతే ఆకారంలో దించాలి. ఒక చట్రం అయ్యాక దాన్ని పక్కకు జరపాలి. అట్లా జరుపుతూ జరుపుతూ ఏటిపాడు అనే ఊరు మొత్తం గీయాలి. ఎనభై ఏళ్ళ కిందట నీళ్ళలో మునిగి, పూడిక నిండి జలాశయం మూతపడ్డాక ఈ వేసవిలో బయటపడిన ఊరు అది. ఆమె కంటికి కనబడే ఊరంటే మోకాలి ఎత్తు దాటని రాళ్ళ వరుసలు, నత్తగుల్లలు, పెంకులు. ఆ గడప దాటిన ప్రహ్లాదరావుకు కనబడేది వేరు. అతను ఆ ఊరి కరణం గారి మునిమనవడు. అతని కంటికి దూలాలు, దీపపు గూళ్ళు, సున్నం కొట్టిన గోడలు, నాలుగు పక్కలా తలెత్తు ప్రహరీతో కరణం గారి ఇల్లు చెక్కుచెదరకుండా నిలబడి ఉంది.

అది పూరణి చేసే పని. పూరణి అంటే నల్లగుడ్డు మీద అతికించే పొర, ఉల్లిపొర కన్నా పల్చనిది. ముప్ఫై ఏళ్ళ కిందట చూపు మందగించిన వాళ్ళ కోసం వచ్చింది. సగం చెరిగిన అక్షరాన్ని పూర్తిచేసి చూపేది. ఆ తర్వాత చిరిగిన అంచును, పెచ్చులూడిన గోడను, పాచిపట్టిన మెట్టును కూడా బాగున్నట్టే చూపడం మొదలుపెట్టింది. ఇప్పుడు పిల్లల్ని బడిలో వేసేనాడే పొర వేస్తారు. లోపమంటూ కంటబడితే చాలు, పాత ఫోటోలన్నీ దాచిపెట్టే జ్ఞాపకశాలలోని చిత్రాలతో, ఆ మనిషి ఇంట్లో చెప్పుకున్న కథలతో పోల్చి రెప్పపాటులో దాన్ని పూడుస్తుంది. పగులు కనబడకపోయాక పగులు పూడ్చే మేస్త్రీలు తగ్గిపోయారు. అంచు విరిగిన గ్లాసుతోనే టీ ఇస్తారు. ఊళ్ళో సగం మందికి పెదవి మీద గాటు ఉంటుంది. నడిచేటప్పుడు ఎవరైనా సరే బొటనవేలితో నేలను తడిమి గాని బరువు మోపరు. బడిలో మొదటి పాఠం అదే: ముందు కాలు, తర్వాత కన్ను.

మునిగిన ఊళ్ళ వాళ్ళకు ఇల్లున్న చోటనే మళ్ళీ ఇంటి జాగా ఇస్తామని ప్రభుత్వం చెప్పినప్పుడు చిక్కు వచ్చింది. ఒకే జాగాలో మూడు కుటుంబాలకు మూడు వేర్వేరు ఇళ్ళు కనబడ్డాయి. ముగ్గురూ నిజాయితీగానే ప్రమాణం చేశారు. తుమ్మెద యంత్రాలు పైనుంచి తీసిన బొమ్మలు తెప్పించారు. వాటి కళ్ళకూ పూరణే. వాటిలో నాలుగో ఇల్లు కనబడింది. విసిగిపోయిన న్యాయస్థానం నోటిమాట సాక్ష్యాలన్నీ కొట్టేసి, ఉత్తకంటితో చూసి చేత్తో గీసిన పటం ఒక్కటే చెల్లుతుందని తీర్పిచ్చింది. తీరా వెతికితే రాష్ట్రం మొత్తంలో ఉత్తకంటి చిత్రకారులు ముగ్గురు మిగిలారు. వాళ్ళలో ఒకరు కర్నూలులో ఉండే మస్తాన్ వలీ. తవ్వకాల్లో దొరికిన కుండల బొమ్మలు, తవ్విన గుంతల పటాలు నలభై ఏళ్ళుగా గీసిన మనిషి. డెబ్బై దాటాయి, చెయ్యి వణుకుతోంది. అందుకని నేర్చుకునే మనిషి ఒకరు కావాలన్నాడు. పూరణి తీయించుకోవడానికి ఒప్పుకోవాలన్న షరతు చదివి, దరఖాస్తు పెట్టిన వాళ్ళు ఇద్దరే. రెండో మనిషి మాట తిప్పుకున్నాడు.

మిగిలింది సుంకమ్మ, పల్లెలో చదువుకున్న పిల్ల. ఎవరితోనూ ఎక్కువగా మాట్లాడదు గాని, చీమల బారును గంటసేపైనా చూస్తూ కూర్చోగలదు. పొర తీశాక నలభై రోజులు చీకటిగదిలో ఉంచారు. బయటికి వచ్చిన రోజు బస్టాండు చూసి, ఇక్కడ ఏదో ప్రమాదం జరిగిందనుకుంది. ఏమీ జరగలేదు. అది ఎప్పుడూ అట్లాగే ఉంది.

మస్తాన్ వలీ సారు మొదటి రోజు ఆమె చేతిలో ఒక కుండపెంకు పెట్టి గీయమన్నాడు. ఆమె శ్రద్ధగా గంటన్నర కూర్చుని గీసింది. సారు ఆ బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, ఈ కుండ ఎక్కడ చూశావని అడిగాడు. అప్పుడు గాని ఆమెకు తెలియలేదు, తను మూతి, మెడ, పొట్ట, అడుగు ఉన్న నిండు కుండను గీసిందని. పొర పోయినా పొర నేర్పిన అలవాటు పోలేదు. కన్ను ఊరుకున్నా మనసు పూరిస్తోంది.

అప్పట్నుంచీ రోజుకు పది పెంకులు. వెలుతురు ఎప్పుడూ ఎడమవైపు పైనుంచి పడుతున్నట్టే గీయాలి; ఎవరు ఏ దేశంలో చూసినా గుంత గుంతగా, మిట్ట మిట్టగా తెలియాలంటే అదొక్కటే మార్గం. కుండను నడిమికి కోసినట్టు ఊహించి ఎడమ సగంలో మందం, కుడి సగంలో పైరూపం చూపాలి. నీడకు గీతలు గీయకూడదు, చుక్కలు పెట్టాలి. వీటన్నిటి కన్నా పెద్ద పాఠం గీతలది. కంటితో చూసి, వేలితో తాకిన దానికి నిండు గీత. ఇక్కడ ఇట్లా ఉండి ఉంటుందని అనుకున్న దానికి ముక్కలు ముక్కలుగా తెగిన గీత. సారు దాన్ని అనుమానపు గీత అనేవాడు.

"తెలిసింది ఎవురైనా గీస్తారమ్మా. తెలీనిదాన్ని తెలీనట్టు గీసేది మన పని," అని అతను తరచూ అనేవాడు. ఆ మాట అనేటప్పుడు మాత్రం చెయ్యి వణికేది కాదని ఆమెకు అనిపించేది.

నాలుగు వందల పెంకులయ్యాక ఏటిపాడు పని వచ్చింది.

*

పని మొదలైన రెండో రోజు తిక్కమ్మ వచ్చింది. ఎనభై ఎనిమిదేళ్ళ మనిషి. ఊరు ఖాళీ చేసిన నాటికి ఎనిమిదేళ్ళది. ఆ తర్వాత రెండేళ్ళకు తట్టు పోసి రెండు కళ్ళలోనూ పువ్వులు వేశాయి. వెలుగు, నీడ తప్ప ఏమీ తెలియదు. అట్లాంటి కంటికి పొర అతకదు కాబట్టి పూరణి ఎట్లా ఉంటుందో ఆమెకు తెలియదు. మనవరాలు పొద్దున్నే ఆటోలో తెచ్చి గుడారం పక్కన దించి పనికి పోయేది, సాయంత్రం తీసుకుపోయేది. ఆ మనవరాలి కాపురం, మరి అయిదు కుటుంబాల కాపురం ఇప్పటికీ కాలువ గట్టు మీద రేకుల కిందే. వాళ్ళంతా ఏటిపాడులో వెనక గేరి, అంటే వెనక వీధి వాళ్ళు. కరణం గారి ఇంటి వెనకాల వాళ్ళవి ఏడు మట్టి గుడిసెలు ఉండేవి. మట్టి గోడలు నీళ్ళలో మొదటి నెలకే కరిగిపోయాయి. జ్ఞాపకశాలలో ఆ గుడిసెల బొమ్మ ఒక్కటీ లేదు. ఫోటో తీసిన వాళ్ళెవరూ ఆ పక్కకు పోలేదు. కాబట్టి ఆ చోట పూరణి తనకు తోచినట్టు ఒక చింతతోపును నింపింది. వెనక గేరి పిల్లలకు సైతం తమ తాతల ఇళ్ళ జాగాలో చల్లటి చింతతోపే కనబడుతుంది.

ఆ జాగా వాళ్ళకు రావాలంటే దారి ఒక్కటే. గోడలు లేకపోయినా పొయ్యి ఆనవాలు దొరికితే అది ఇల్లే అని ప్రభుత్వ ఉత్తర్వులో ఒక వాక్యం ఉంది. సుంకమ్మ గీసే పటంలో పొయ్యిలు పడాలి. పడితే ఏడు ఇళ్ళు, పడకపోతే చింతతోపు.

తిక్కమ్మ ఆ సంగతి ఎత్తేది కాదు. కూర్చుని ఆకు వక్క నములుతూ, సుంకమ్మ చట్రం జరిపినప్పుడల్లా ఆ చప్పుడు విని ఏదో ఒకటి అనేది.

"ఏం పాపా, పలకవు? మూగదానివేమో అనుకుంటాండా."

"పని చేస్తాండాను అవ్వా."

"నోటితో చేస్తాండావా పని?"

సుంకమ్మకు నవ్వొచ్చినా బయటపడేది కాదు. సారు మొదటి రోజే గట్టిగా చెప్పాడు, ఊరి వాళ్ళను ఏమీ అడగొద్దని. అడిగితే చెప్తారు, చెప్తే చెయ్యి వాళ్ళ వైపు ఒరుగుతుంది. కన్ను చూసిందే గీయాలి గాని చెవి విన్నది కాదు. అందుకని పక్కనే ఆ ముసలామె కూర్చుని ఉన్నా, ఇక్కడ ఏముండేది అవ్వా అన్న మాట పెదవి దాకా వచ్చి ఎన్నిసార్లో ఆగిపోయింది.

పన్నెండో రోజున మొదటి పొయ్యి దొరికింది. కుంచెతో మట్టి తుడుస్తుంటే ఎర్రగా కాలిన నేల, బూడిద, దాని చుట్టూ రాళ్ళు. గీసి తీసుకుపోయి చూపించింది. సారు వచ్చి, కుర్చీ వేయించుకుని, ఆ పొయ్యి ముందు చాలాసేపు కూర్చున్నాడు.

"రాళ్ళెన్ని?"

"మూడు సార్."

"చేత్తో లెక్కపెట్టు."

ఆమె వంగి తాకింది. ఒకటి. రెండు. మూడో రాయి ఉన్నచోట వేళ్ళు మెత్తటి బూడిదలో దిగాయి. పొయ్యి అంటే మూడు రాళ్ళని పుట్టినప్పట్నుంచీ చూసిన మనసు, లేని మూడో రాయిని తెచ్చి పెట్టేసింది. ఆమెకు సిగ్గేసింది. సారు కోప్పడలేదు. మూడో రాయిని రబ్బరుతో తుడిపించి, ఆ చోట అనుమానపు గీతతో రాయి ఆకారం గీయించాడు. ఉత్తర్వుకు ఆనవాలు చాలు, అబద్ధం అక్కర్లేదన్నాడు.

ఆ తర్వాత వారంలో మిగతా ఆరు పొయ్యిలూ దొరికాయి. కొన్నింటికి రెండు రాళ్ళు, ఒకదానికి ఒక్కటే రాయి, అన్నింటికీ కాలిన నేల. సుంకమ్మ ప్రతి రాయినీ ముందు చేత్తో తాకి, తర్వాత గీసింది. సాయంత్రానికి ఆమె వేళ్ళ గోళ్ళలో బూడిద నిండి ఉండేది. అలసటలోనూ ఏదో తృప్తి ఉండేది. ఏడు పొయ్యిలు పటంలో పడ్డాయని తిక్కమ్మకు చెప్పింది. అంతవరకు చెప్పవచ్చునని సారు ఒప్పుకున్నాడు. తిక్కమ్మ నోట్లోని వక్క పక్కకు ఊసింది. తర్వాత, "ఏడే గదా ఉండె," అంది.

చివరి మూడు రోజులు కరణం గారి ప్రహరీతో సరిపోయింది. రాతి పునాది కాబట్టి చాలావరకు నిలిచే ఉంది. ఉత్తరపు గోడ పడమర పక్క వెళ్ళి ఒకచోట ఆగిపోయింది. మళ్ళీ దానికి ఎదురుగా ఇంకో గోడ మొదలై, పొయ్యిలన్నిటి వెనక నుంచి చుట్టి వెళ్ళింది. రెండు కొసలూ ఒకదాన్నొకటి చూసుకుంటున్నట్టు ఒకే వరుసలో ఉన్నాయి. నడుమ పది అడుగుల ఖాళీ. అక్కడ రాయి లేదు, రాయి తీసిన గుంత ఆనవాలూ లేదు. సుంకమ్మ ఆ ఖాళీని ఖాళీగా వదిలేద్దామా అని అడిగింది. సారు ఒప్పుకోలేదు. ఎదురెదురు కొసలు ఒకే వరుసలో ఉంటే వాటిని అనుమానపు గీతతో కలపడం ఈ పనిలో ఆనవాయితీ. కలిసి ఉండవచ్చు, ఉండకపోవచ్చు అని చదివే వాళ్ళకు తెలియాలి. తన గురువు అట్లాగే నేర్పాడు, తను నలభై ఏళ్ళు అట్లాగే గీశాడు. ఆమె పెన్సిలు చెక్కి, స్కేలు పెట్టి, ఒక్కో ముక్కా ఒక్కో ఖాళీ సమానంగా వచ్చేట్టు జాగ్రత్తగా గీసింది. చాలా రోజుల తర్వాత సారు బాగుంది అన్న గీత అది.

*

విచారణ అక్కడే, షామియానా కింద జరిగింది. తహసీల్దారు మేడమ్ నలభై ఏళ్ళ నిదానమైన మనిషి. బల్ల మీద పటం పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి, వేలితో వెంబడిస్తూ చదివింది. కరణం గారి ఇంటి దగ్గరికి వచ్చేసరికి ప్రహ్లాదరావు ముందుకు వచ్చి వినయంగా నిలబడ్డాడు. ఆమె వేలు ప్రహరీ చుట్టూ తిరిగి, బయల్దేరిన చోటికి వచ్చి ఆగింది.

ఏడు పొయ్యిలూ ప్రహరీకి లోపలే ఉన్నాయి, కాబట్టి ఉత్తర్వు ప్రకారం అవి ఆ ఇంటి వంటసాలలు అవుతాయని, విడి ఇళ్ళు కావని ఆమె రాయించబోయింది.

సుంకమ్మకు మొదట అర్థం కాలేదు. తర్వాత లేచి నిలబడింది. ఇంతమంది ముందు ఆమె ఎప్పుడూ మాట్లాడలేదు.

"అది ప్రహరీ కాదు మేడమ్. పడమర పక్క పది అడుగులు అనుమానపు గీత. ముక్కలు ముక్కలుగా ఉంది చూడండి."

తహసీల్దారు పటం మీదికి వంగి చూసింది. మళ్ళీ చూసింది. "నిండు గీతే ఉందమ్మా," అంది.

గుమాస్తాను పిలిచింది. అతను చూసి నిండు గీతే అన్నాడు. ప్రహ్లాదరావు చూశాడు. అబద్ధమాడే మనిషి కాదతను. కళ్ళు చికిలించి మరీ చూసి, తనకూ అట్లాగే కనబడుతోందని, కావాలంటే తల్లి మీద ఒట్టు అని చెప్పాడు. వెనక గేరి వాళ్ళలో ఒకామెను పిలిచి చూపించారు. ఆమె తన ఇంటి జాగా పోతుందని తెలిసి కూడా, చాలాసేపు చూసి, ముక్కలు కనబడలేదని తల అడ్డంగా ఊపి వెనక్కి పోయింది.

సుంకమ్మ పటం అంచులు పట్టుకుని నిలబడిపోయింది. ఆమె కళ్ళకు ఆ ముక్కలు స్పష్టంగా, ఒకదానికొకటి ఎడంగా కనబడుతున్నాయి. ఒక్కో ఖాళీనీ తానే కొలిచింది. తెగిన గీత కూడా ఒక లోపమే కదా. పూరణి దాన్ని పూడ్చేసింది. పొయ్యిలకు మూడో రాయి కూడా అట్లాగే నిండుగా కనబడి ఉంటుంది. అది వెనక గేరికి మేలే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆమె రబ్బరు తీసుకుని ఆ పది అడుగుల గీతను తుడిచేసింది. ఇంకా సిరా పెట్టలేదు గనక ఆ హక్కు ఆమెకుంది. ఇప్పుడు చూడమంది. తహసీల్దారు చూసి, గీత అక్కడే ఉందని, తుడవడం తన కళ్ళతో చూశాను గాని చెయ్యి తీయగానే మళ్ళీ కనబడుతోందని చెప్పింది. ఈసారి ఆమె గొంతులో కొంచెం భయం ఉంది.

మస్తాన్ వలీ ఇంతసేపూ కుర్చీలోంచి లేవలేదు. లేచి వచ్చి తహసీల్దారును ఒక ప్రశ్న అడిగాడు, మ్యూజియంలో అచ్చేసి పెట్టిన తన పాత పటాలు ఆమె ఎప్పుడైనా చూసిందా అని. చదువుకునే రోజుల్లో చూశానంది. వాటిలో తెగిన గీతలు కనబడ్డాయా అని అడిగాడు. అట్లాంటివి ఉంటాయని ఈ రోజే వింటున్నానని ఆమె చెప్పింది.

అతను తిరిగి వెళ్ళి కూర్చున్నాడు. చెయ్యి బాగా వణుకుతుంటే రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నలభై ఏండ్ల అనుమానాలు," అన్నాడు సుంకమ్మతో, మెల్లగా. "అన్నీ నిజాలైపోయినాయమ్మా. ఎవురూ ఒక్క మాట అడగల్యా నన్ను. నేనూ ఎవుర్నీ అడగల్యా, మీకెట్ల కనబడుతాండాదని."

ఆమెకు అతన్ని ఓదార్చే ఓపిక లేదు. ఎండ షామియానా గుడ్డలోంచి దిగి నెత్తి మీద కూర్చుంది. గీస్తే పూరిస్తుంది. గీయకపోతే కూడా పూరిస్తుంది. వారాల తరబడి తాకి తాకి దించిన ఏడు పొయ్యిలు, తన గీత వల్లే, తన సొంపైన గీత వల్లే ఇంకొకరి ఇంట్లో పడ్డాయి. గుమాస్తా కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. తహసీల్దారు కూడా సంతోషంగా లేదు, కానీ ఆమె రాయాల్సింది కనబడిందే.

సుంకమ్మ పెన్సిలు తీసింది. బొమ్మ మీద అక్షరం రాయకూడదని సారు చెప్పిన సంగతి ఆమె మరిచిపోలేదు. రాత అవసరమైతే అది చేతకాని బొమ్మ అనేవాడు. రెండు గోడల కొసల మధ్య, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా, గుండ్రటి పెద్ద అక్షరాలతో 'తెలియదు' అని రాసింది. ఎక్కడా విరగని, పూడ్చడానికి ఏమీ మిగలని అక్షరాలు.

తహసీల్దారు వంగి చూసింది. చాలాసేపు చూసింది.

"తెలియదు," అని పైకి చదివింది. "ఇక్కడ గోడ కనబడటం లేదు. తెలియదు అని కనబడుతోంది."

ప్రభుత్వపు పటం మీద ఆ మాట ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. గుమాస్తా దాన్ని ఏ గడిలో రాయాలని అడిగి, కలం పక్కన పెట్టేశాడు. ప్రహ్లాదరావు తన ఇంటి వైపు తిరిగి చూశాడు. అతనికి అక్కడ ప్రహరీ ఇంకా నిండుగానే కనబడుతూ ఉండాలి. కానీ బల్ల మీది కాగితం వైపు చూసి, మళ్ళీ గోడ వైపు చూసి, ఆ ఉదయం గడప దాటినప్పటి నెమ్మది పోగొట్టుకున్నవాడిలా నిలబడ్డాడు.

"ఎవురికి తెలీదంట?"

అందరూ తిరిగారు. తిక్కమ్మ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది.

"మాకు అవ్వా," అంది సుంకమ్మ. "గీసిన మాకు తెలీదు."

"మీకు తెలీకపోతే నన్నడగొచ్చు గదా. మూడు వారాలాయె నేనీడ కూచోబట్టి."

సుంకమ్మ ఆమె వైపు రెండడుగులు వేసింది. అడగకపోవడం తన పనిలో నియమమని చెప్పాలి. నోటిమాట చెల్లదన్న తీర్పు సంగతి చెప్పాలి. కళ్ళున్న వాళ్ళ సాక్ష్యానికే దిక్కులేదని చెప్పాలి. అవేవీ ఆ ముసలామె ముఖం చూస్తూ చెప్పే మాటలుగా అనిపించలేదు. అందరికీ అన్నీ నిండుగా కనబడుతున్న ఈ ముప్ఫై ఏళ్ళలో ఒకరినొకరు ఇది ఏమిటని అడగడమే జనం మానేశారు. ఉత్తకళ్ళతో తిరిగే తను కూడా అడగలేదు.

"ఆడ ఏముండె అవ్వా?"

"సందు. గోడా లేదు, గీడా లేదు. మా గేరి ఆడోళ్ళు ఏటికి నీళ్ళకు పోయే సందు. కరణం భార్య మమ్మల్ని వాకిట్లోంచి పోనిచ్చేది కాదు, అందుకని ఆడ గోడ కట్టకుండ ఇడిసిపెట్టినారు. బిందె తగిలి తగిలి కొసరాయి నున్నంగ అరిగిపోయింటాది."

ప్రహ్లాదరావు తల దించుకున్నాడు. అతని ఇంట్లో చెప్పుకున్న కథల్లో ఆ మాట ఉండి ఉండదు.

తహసీల్దారు ఇది సాక్ష్యంగా తీసుకునే అధికారం తనకు లేదని స్పష్టంగా చెప్పింది. అయితే తెలియదు అని రాసి ఉన్న పటం మీద తీర్పు రాసే అధికారం కూడా తనకు లేదు. అందువల్ల విచారణ వారం రోజులు వాయిదా వేస్తున్నానని, ఈలోగా పటం పూర్తి చేసి తెమ్మని రాయించింది. ఎట్లా పూర్తి చేయాలో మాత్రం చెప్పలేదు. లేచి వెళ్ళేటప్పుడు తిక్కమ్మ దగ్గర ఒక క్షణం ఆగి, బొటనవేలితో నేల తడుముకుంటూ జీపు వైపు నడిచింది.

జనం చెదిరిపోయారు. షామియానా విప్పే వాళ్ళు వచ్చారు. మస్తాన్ వలీ పటాన్ని తన వైపు తిప్పుకుని, ఆ నాలుగు అక్షరాలను వేలితో ముట్టి చూశాడు. తన బొమ్మల మీద ఒక్క అక్షరాన్నీ సహించని మనిషి. సుంకమ్మ తిట్టు కోసం ఎదురుచూసింది.

"పెన్సిలు చెక్కుకో," అన్నాడు. "ఆయమ్మ చెప్పింది గీయి. ఆయమ్మ చెప్పిందని పక్కన పేరు రాయి. ప్రతి గీతకూ ఎవురు చెప్పింది రాయాల."

సుంకమ్మ కొత్త కాగితం తీసి పలక మీద బిగించింది. చేతులు బరువుగా ఉన్నాయి. ఈ వారం రోజులూ నిద్ర ఉండదని అప్పుడే తెలుస్తోంది. వెళ్ళి తిక్కమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ఎప్పుడూ గుడారానికి అటువైపే కూర్చునేది, ఇంత దగ్గరగా రాలేదు. మీ ఇంటితో మొదలుపెడదామా, వాకిలి ఏ దిక్కు ఉండేది అని అడిగింది.

తిక్కమ్మ తమలపాకు ఈనె తీసి పారేసింది.

"మాది కడాకు గీద్దువులే. మాకు మనమండ్లుండారు, మనమరాండ్లుండారు, అడిగేదానికి వస్తారు. ముందు గిడ్డమ్మది గీయి, సందు మొగదాల ఉండె. ఒంటి మనిషి. నీళ్ళొచ్చినప్పుడు యాడికి పాయెనో ఎవురికీ తెలీదు. ఆయమ్మ కోసం అడిగేటోళ్ళు ఎవురూ రారు."

సుంకమ్మ పెన్సిలు కాగితానికి ఆనించింది.